దృశ్యాలకు ప్రతిలేఖనం

నోటిమాట గాలిలో కలిసిపోతుంది. వ్రాసిన మాట నిలుస్తుంది. అయితే వ్రాసిన మాటకు కూడా, అది ఒక్క ప్రతిలోనే ఉన్నంతకాలం భద్రత లేదు. చెదలు, వాన, నిప్పు - వీటిలో ఏ ఒక్కటి సోకినా గ్రంథం రూపుమాసిపోతుంది. ఈ సత్యాన్ని ఎరిగినవారు కనుకనే మన పూర్వులు తాళపత్ర గ్రంథాలకు మళ్లీ మళ్లీ ప్రతులు వ్రాయించారు. టెలివిజను ప్రసారాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఇంటిలో రికార్డు చేసుకొన్న కార్యక్రమం కంప్యూటరుకు ఎలా చేరుతుందో, దానికి ప్రతి తీసుకోవడం ఎందుకు అవసరమో ఈ పాఠంలో తెలుసుకొందాం.

తొలిరోజులలో టెలివిజను ప్రసారం ప్రేక్షకుని అదుపులో ఉండేది కాదు. ప్రసారవేళకు ఇంట లేనివారికి ఆ కార్యక్రమం దక్కేది కాదు. 1975లో సోనీ సంస్థ బీటామ్యాక్స్‌నూ, 1976లో జేవీసీ సంస్థ వీహెచ్ఎస్‌నూ ప్రవేశపెట్టడంతో వీడియో క్యాసెట్లపై ప్రసారాలను భద్రపరచుకొనే అవకాశం సామాన్యులకు కలిగింది. చలనచిత్ర నిర్మాణ సంస్థలు దీనిని సహించక అమెరికాలో న్యాయస్థానాన్ని ఆశ్రయించాయి. తీరికవేళ చూసుకోవడానికి ఉచిత ప్రసారాలను ఇంటిలో రికార్డు చేసుకోవడం చట్టవిరుద్ధం కాదని 1984 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తొమ్మండుగురు న్యాయమూర్తులలో ఐదుగురు ఇటు, నలుగురు అటు నిలిచారు. ఒక్క న్యాయమూర్తి అభిప్రాయం మారి ఉంటే ప్రేక్షకుని హక్కు మరోలా ఉండేది.

1999లో టైవో, రీప్లేటీవీ అనే రికార్డరు పెట్టెలు అమెరికా విపణిలోకి వచ్చాయి. వీటిలో క్యాసెట్టుకు బదులు కంప్యూటరులో ఉండే హార్డ్ డిస్కు ఉంటుంది. యాంటెన్నా ద్వారానో, కేబుల్ ద్వారానో వచ్చిన దృశ్యాన్ని పెట్టె అంకెలుగా మార్చి, ఎంపెగ్-2 అనే పద్ధతిలో కుదించి, డిస్కుపై నమోదు చేస్తుంది. ఇష్టమైన కార్యక్రమం పేరు చెబితే చాలు. వారం వారం తానే గుర్తుంచుకొని రికార్డు చేస్తుంది. ఈ సౌకర్యంతోపాటే ఒక చిక్కు కూడా వచ్చింది. క్యాసెట్టు నిండితే బీరువాలో దాచుకోవచ్చు. డిస్కు నిండితే దాచడానికి మరో చోటు లేదు. కొత్తవాటికి చోటివ్వడానికి పెట్టె పాతవాటిని చెరిపివేస్తుంది. ప్రత్యేకంగా ఉంచుకొన్నవి సైతం డిస్కు చెడిపోతే ఒక్కసారిగా పోతాయి.

ఒక కుటుంబాన్ని ఊహించుకొందాం. అమెరికాలో ఏటా జరిగే జాతీయ స్పెల్లింగ్ బీ పోటీలను ఈఎస్‌పీఎన్ 1994 మొదలుకొని అనేక సంవత్సరాలు ప్రసారం చేసింది. ఆ వేదికపై తెలుగు మూలాలు గల బాలబాలికలు ఎందరో నిలిచారు. అటువంటి ఒక బాలిక పోటీలో పాల్గొన్న దృశ్యాన్ని తల్లిదండ్రులు తమ పెట్టెలో రికార్డు చేసుకొన్నారు. బాలిక అమ్మమ్మ తెనాలిలో ఉంది. మనుమరాలు వేదికపై నిలిచి ఒక్కొక్క అక్షరమే పలికిన ఆ ఘడియను ఆమె చూడాలి. పెట్టెను సముద్రాలు దాటించడం కుదరదు. తండ్రి తన ల్యాప్‌టాప్‌ను మాత్రం ఊరికి తీసుకువెళ్లగలడు. కావలసినదల్లా పెట్టెలోని దృశ్యం ల్యాప్‌టాప్‌లోకి చేరడమే.

ఇక్కడ ఉపయోగపడేదే ఇంటి నెట్‌వర్కు. ఇంటిలోని రికార్డరు, కంప్యూటరు తీగ ద్వారానో, తీగ లేకుండానో రౌటరు అనే చిన్న పరికరానికి కలుపబడతాయి. ఇంటింటికీ తలుపుసంఖ్య ఉన్నట్లే రౌటరు ప్రతి పరికరానికీ ఒక చిరునామాను కేటాయిస్తుంది. కంప్యూటరులోని ప్రోగ్రాము రికార్డరును వెదికి, అందులోని కార్యక్రమాల పట్టికను తెరపై చూపుతుంది. కావలసినదానిని ఎంచుకొనగానే చేరవేత మొదలవుతుంది. పెట్టెలోని మూలం చెక్కుచెదరక అక్కడే ఉంటుంది. కంప్యూటరుకు చేరేది దాని ప్రతి.

ఆ ప్రతి ఏకఖండంగా ప్రయాణించదు. దానిని ప్యాకెట్లు అనే వేలవేల చిన్న భాగాలుగా విడగొట్టి పంపుతారు. మన తాళపత్ర గ్రంథాలలో పత్రాలకు వరుస సంఖ్యలు వేసేవారు. త్రాడు తెగి పత్రాలు చెదిరినా ఆ సంఖ్యలను బట్టి గ్రంథాన్ని మళ్లీ కూర్చేవారు. నడుమ ఏది లోపించినదీ తెలుసుకొనేవారు. ప్యాకెట్లకూ అటువంటి క్రమసంఖ్యలే ఉంటాయి. అందిన భాగాలకు కంప్యూటరు రసీదు పంపుతుంది. రసీదు రాని భాగాన్ని రికార్డరు తిరిగి పంపుతుంది. ఈ విధంగా దారిలో కొన్ని తప్పిపోయినా చివరకు ప్రతి సమగ్రంగా చేరుతుంది.

దీనికి ఎంత సమయం పడుతుంది? సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున నమోదైన ఒక గంట కార్యక్రమంలో 14,400 మెగాబిట్లు, అనగా 1,800 మెగాబైట్లు ఉంటాయి. సెకనుకు 100 మెగాబిట్లు మోయగల తీగపై ఇది లెక్క ప్రకారం 144 సెకన్లలో చేరాలి. 11 మెగాబిట్ల తొలినాటి వై-ఫై మీద సుమారు 22 నిమిషాలు కావాలి. ఆచరణలో గాలిలోని అవరోధాల వల్ల వేగం సగానికి తగ్గి, ముప్పావు గంట పట్టేది. తొలి పెట్టెలలోని చిప్పులు కూడా మందకొడివి కావడంతో తీగపై సైతం లెక్కకు మించిన ఆలస్యం జరిగేది. రాత్రి చేరవేత మొదలుపెట్టి, తెల్లవారి చూసుకోవడమే ఉత్తమమైన ఉపాయం.

టైవో సంస్థ 2005 జనవరిలో ఈ సౌకర్యాన్ని టైవో టు గో అనే పేరుతో అందించింది. అయితే చేరిన ప్రతికి తాళం ఉండేది. ఖాతాదారునికి ఇచ్చిన పది అంకెల సంఖ్యయే దానికి తాళంచెవి. ఆ సంఖ్య తెలియనివారి చేతిలో ఆ ప్రతి తెరుచుకోదు. ప్రసారకర్తలు ప్రతి తీయరాదని గుర్తు పెట్టిన కార్యక్రమాలను పెట్టె అసలు పంపదు. సృజించినవారి హక్కును కాపాడడానికి ఈ ఏర్పాటు జరిగింది. అది న్యాయమే. కాని తాళం వేసిన ప్రతిలో ఒక ప్రమాదం దాగి ఉంది. తాళంచెవి మరచిపోయినా, దానిని తెరవగల ప్రోగ్రాము కాలగర్భంలో కలిసిపోయినా, ప్రతి ఉండి కూడా లేనట్లే. చదివేవారు లేని లిపిలోని శాసనానికీ దానికీ భేదం లేదు.

యంత్రాలు కూడా చిరంజీవులు కావు. టైవో సంస్థ 2025లో తన రికార్డరు పెట్టెల అమ్మకాన్ని నిలిపివేసింది. ఈనాడు చాలామంది కార్యక్రమాలను ఇంటర్నెట్టు ద్వారా కావలసినప్పుడు చూస్తున్నారు. రికార్డులు సైతం దూరాన ఉన్న సంస్థల కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. చూసే సౌకర్యం పెరిగింది. మన చేతిలో ప్రతి ఉండడం తగ్గింది. సంస్థ ఆ కార్యక్రమాన్ని తొలగించిన నాడు ప్రేక్షకునికి మిగిలేది జ్ఞాపకమే.

పందొమ్మిదవ శతాబ్దిలో సి.పి. బ్రౌన్ తెలుగు గ్రంథాల తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులను నియమించి, వాటిని పోల్చి చూపించి, కొత్త ప్రతులు వ్రాయించాడు. ఎన్నో కావ్యాలు మన వరకు రావడానికి ఆ ప్రతిలేఖనం తోడ్పడింది. లేఖకులు రాజాస్థానాలలోనే లేరు. సామాన్య గృహాలలోనూ ఉండేవారు. నేడు ఆ పని ప్రతి ఇంటికీ సాధ్యమైంది. మనకు ప్రియమైన దృశ్యాన్ని, చట్టం అనుమతించిన మేరకు, ఒకటికి రెండు చోట్ల ఉంచుకోవాలి. ఏడాదికొకసారి తెరిచి, అది ఇంకా తెరుచుకొంటున్నదో లేదో చూసుకోవాలి. యంత్రం మారినప్పుడు కొత్త యంత్రానికి ప్రతి తీసుకోవాలి. భద్రపరచడమంటే ఒకచోట ఉంచి మరచిపోవడం కాదు, తిరిగి తిరిగి ప్రతి తీయడం.

మనం ఊహించుకొన్న ఆ తండ్రి వేసవిలో తెనాలి చేరి, వసారాలో ల్యాప్‌టాప్ తెరిచి, పది అంకెలూ నొక్కాడనుకొందాం. తెరపై మనుమరాలు ఒక్కొక్క అక్షరమే పలుకుతూ ఉంటే అమ్మమ్మ కళ్లజోడు సవరించుకొని, "మళ్లీ ఒకసారి పెట్టు నాయనా!" అంటుంది. ప్రతి ఉన్నది కనుక ఆ కోరిక తీరుతుంది.