మీకు తెలుసా? పక్క గదిలో సర్వర్ పలకదెందుకు!

కోఠి, నారాయణగూడ సందుల్లో ఏ మెట్లెక్కినా ఓ డీటీపీ షాపో, ఓ ఆడిటర్ గారి ఆఫీసో! వెనక గదిలో సర్వర్, ముందు గదిలో నాలుగు సిస్టమ్‌లు. మధ్యలో ఒక్క గోడ! అయినా పొద్దున్నే కేక: 'సర్వర్ కనెక్ట్ కావట్లేదు!' వెంటనే నెట్ అబ్బాయికి ఫోన్. ఆగండాగండి! పక్క గదిలోని సర్వర్‌తో మాట్లాడటానికి ఇంటర్నెట్ అక్కర్లేదు! నమ్మరా? 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 'కార్డ్' పథకం వచ్చింది. దస్తావేజుల రిజిస్ట్రేషన్ 214 సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల్లో కంప్యూటరెక్కింది! అప్పట్లో ఇంటింటా నెట్ ఎక్కడిది? ఏ ఆఫీసు సర్వర్ ఆ ఆఫీసులోనే!

ముందు సర్వర్ వెనక్కి వెళ్లి వంగి చూడండి. కేబుల్ గుచ్చిన చోట బుల్లి లైటు ఉంటుంది. వెలగట్లేదా? సాఫ్ట్‌వేర్‌ని తిట్టకండి! కనెక్టర్‌కుండే ప్లాస్టిక్ నాలుక విరిగిందేమో చూడండి. విరిగితే పైకి గుచ్చినట్టే ఉంటుంది, కాలు తగిలితే ఊడుతుంది! కోఠి గుజరాతీ గల్లీలో కొత్త కనెక్టర్ దొరుకుతుంది. క్రింపింగ్ చేయిస్తే సరి. ఇంకో రహస్యం! ఆ కేబుల్‌లో తీగలు 8. కానీ 100 ఎంబీపీఎస్ వేగానికి వాటిలో సగమే పని చేస్తాయి! మిగతావి ఊరికే కూర్చుంటాయి. అందుకే ఎలుక గోధుమరంగు తీగ కొరికినా చాలా ఆఫీసులు నడిచిపోతుంటాయి, కాస్త నత్తనడకన!

ఆ రాగి కేబుల్‌కి ఓ హద్దుంది. స్విచ్ నుంచి సిస్టమ్ దాకా 100 మీటర్లు! అది దాటితే పని చేయొచ్చు, చేయకపోవచ్చు. పూచీ లేదు! కింద షాపు నుంచి పక్క బిల్డింగు మూడో అంతస్తు దాకా ఒకే చుట్ట లాగేసినవాళ్లు ఓసారి కొలుచుకోండి!

సర్వర్ బతికే ఉందా అని 'పింగ్' కొడతాం కదా! ఆ ప్రోగ్రామ్ వయసెంతో తెలుసా? 1983 డిసెంబరులో పుట్టింది! అమెరికా సైన్యం ప్రయోగశాలలో పనిచేసే మైక్ మూస్ ఒక్క సాయంత్రంలో రాసి పడేశాడు! ఈ రోజుకీ చిక్కడపల్లిలో సిస్టమ్ పాడైతే టెక్నీషియన్ వేళ్లు ముందు కొట్టేది దాన్నే!

ఆ మూస్‌కెవరో చెప్పిన కథ ఇంకా బాగుంటుంది. ఒక ఆఫీసులో నెట్‌వర్క్ వస్తూ పోతూ ఉంది. ఎక్కడో కనెక్టర్ వదులు. ఎక్కడో మాత్రం తెలీదు! అక్కడి అడ్మిన్ ఏం చేశాడో ఊహించండి! పింగ్‌కి మాటలు పలికే ప్రోగ్రామ్ తగిలించాడు. గదిలోని స్టీరియోకి కలిపి సౌండ్ పెంచేశాడు. జవాబు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ 'పింగ్!' అని అరుస్తుంది. సెకనుకు 1 అరుపు! ఆయన భవనమంతా తిరుగుతూ ఒక్కో కనెక్టర్‌నీ కదిపాడు. ఒకచోట చెయ్యి పెట్టగానే అరుపు ఆగింది. దొంగ దొరికాడు! ఖరీదైన పరికరమేదీ లేదు, చెవులే!

విండోస్ పింగ్ ఏం మోసుకెళ్తుందో చూశారా? ఇంగ్లీషు అక్షరమాల! ఏ, బీ, సీ, డీ అంటూ మొదలెడుతుంది. డబ్ల్యూ దాకా వెళ్లి మళ్లీ ఏకి వచ్చేస్తుంది. అంటే 23 అక్షరాలే! ఎక్స్, వై, జడ్ పాపం ఎప్పుడూ ప్రయాణం చేయవు!

ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. సర్వర్ కరెంటు తీసేసి పింగ్ కొట్టండి. 'డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్' అని నాలుగుసార్లు వస్తుంది. కింద లెక్క చూస్తే కళ్లు తిరుగుతాయి. పోయినవి 0 శాతం! పంపినవన్నీ అందాయట! సర్వర్ ఆగిపోతే జవాబులెవరిచ్చారు? ప్రతి లైను మొదట్లో ఉన్న నంబరు చదవండి. అది మీ సిస్టమ్ నంబరే, అంటే ఐపీ అడ్రస్! 'ఆ పేరుగలవాడు దొరకలేదు' అని మీకు మీ సిస్టమే చెప్పుకుంది. దాన్నే విండోస్ జవాబు కింద జమేసింది! కింది లెక్క చూసి 'పింగ్ బాగానే ఉంది సార్' అనేవాళ్లు ఎంతమందో!

పింగ్ పలకట్లేదా? సర్వర్ పోయిందనుకోకండి! ఫైర్‌వాల్ పింగ్ నోరు మాత్రమే మూయించి ఉండొచ్చు, ఫైళ్లు మామూలుగా వస్తుండొచ్చు. దీనికి తిరకాసు కూడా ఉంది. పింగ్ పలుకుతుంది, లెక్కల ప్రోగ్రామ్ టాలీ తెరుచుకోదు! టాలీ మామూలుగా వినేది 9000 నంబరు పోర్టులో. ఆ పోర్టును ఫైర్‌వాల్ మూసేసిందేమో చూడండి! పింగ్‌కి ఆ బాధ లేదు. దానికసలు పోర్టే ఉండదు!

సర్వర్ ముందు కూర్చుని 127.0.0.1 అని పింగ్ కొట్టండి. కేబుల్ పీకేసినా జవాబొస్తుంది! కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకునే నంబరది. ఇలాంటివి ఎన్ని కేటాయించారో తెలుసా? 1,67,77,216! కోటిన్నర దాటిపోయాయి! ఇక్కడే ఓ తమాషా. కొత్తగా పెట్టిన ప్రోగ్రామ్ ఆ నంబరు మీదే వింటోందనుకోండి. సర్వర్‌లో చక్కగా తెరుచుకుంటుంది. పక్క సిస్టమ్‌లో ససేమిరా! సెట్టింగుల్లో దాన్ని 0.0.0.0 చేయండి. అందరికీ తలుపు తీస్తుంది!

అశోక్‌నగర్ స్టడీ హాళ్లకు రండి. గ్రూప్స్ చదివే పిల్లలు కిక్కిరిసి ఉంటారు. ఒక్కొక్కరికీ ఫోను, పైగా ల్యాప్‌టాప్! మామూలు రూటర్ దగ్గర ఉండే నంబర్లు మహా అయితే 254. పిల్లాడు టీకి వెళ్లినా, ఇంటికే వెళ్లినా వాడి నంబరు వెంటనే వెనక్కి రాదు. గడువు తీరాలి! నంబర్లు అయిపోతే తర్వాత వచ్చినవాడి ల్యాప్‌టాప్ ఏం చేస్తుంది? సొంతంగా ఓ నంబరు కల్పించుకుంటుంది! అది 169తో మొదలైతే ఇక సర్వర్‌ని వెతకొద్దు. రూటర్‌నే నిలదీయండి!

మీ సర్వర్ నంబరు 192.168.1.10 అనుకోండి. డాలస్‌లో మీ బాబాయి కొడుకింట్లో టీవీకీ అదే నంబరు ఉండొచ్చు! గొడవే రాదు. ఎవరైనా తమ నాలుగు గోడల మధ్య వాడుకోవచ్చని వదిలేసిన నంబర్లవి. ఆ 192.168 వరసలోనే 65,536 ఉన్నాయి! అందుకే ఆఫీసులోనే నిలబడి ఫోన్‌లో ఆ నంబరు కొట్టినా, ఫోను వైఫైలో కాక మొబైల్ డేటాలో ఉంటే సర్వర్ రాదు. ఎంత దగ్గరున్నా రాదు!

పింగ్ జవాబు చివర 'టీటీఎల్' అని ఉంటుంది. ఎవరూ చూడరు! ఆఫీసు లోపల అది 128 అయితే పలికింది విండోస్. సగం, అంటే 64 అయితే లినక్సో, దాని చుట్టమో! మీది విండోస్ సర్వర్, జవాబు మాత్రం రెండో లెక్కలో వచ్చిందా? మీ సర్వర్ నంబరుని ఇంకెవరో కొట్టేశారు! సీసీ కెమెరా రికార్డరో, వైఫైలోకి వచ్చిన కస్టమర్ ఫోనో! నాకైతే వీటన్నిటిలో ఇదే ముద్దొచ్చే ఆనవాలు.

అసలు ఘోరం ఇంకోటుంది. టేబుల్ కింద కేబుల్ కొస ఊడి కనిపిస్తుంది. ఎవరో మంచి మనసుతో స్విచ్‌లో ఖాళీ ఉన్నచోట గుచ్చేస్తారు. దాని రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉందా? కొంప మునిగింది! ఒక్క పిలుపు గుండ్రంగా తిరుగుతూ వేలకువేలు అవుతుంది. ఈథర్‌నెట్‌లో దానికి ఆయుష్షు లెక్క లేదు, తనంతట ఆగదు! లైట్లన్నీ పిచ్చెత్తినట్టు కొట్టుకుంటాయి. సర్వర్ ఒక్కటేనా, ఆఫీసంతా మూగబోతుంది! దీనికి మందు 1985లోనే కంప్యూటర్ ఇంజినీర్ రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టారు. పైగా ఆ ఉపాయం మీద ఓ పద్యం కూడా రాశారు! కానీ షాపుల్లో వాడే చౌక స్విచ్‌లలో ఆ మందు మామూలుగా ఉండదు. కేబుళ్లు ఒక్కొక్కటే పీకి చూడండి, ఆఫీసు లేచి కూర్చుంటుంది!

చివరిగా పేరు సంగతి! నెట్‌వర్క్‌లో పాత పద్ధతిలో వెతికేటప్పుడు విండోస్ సర్వర్ పేరులో 15 అక్షరాలే చూస్తుంది! ఇంగ్లీషులో 'నారాయణగూడ'కే పదకొండో పన్నెండో పోతాయి. 'చిక్కడపల్లి' కూడా అంతే! దాని వెనక అడ్డగీత పెట్టి 'సర్వర్1', 'సర్వర్2' అని రెండు మిషన్లకు పెట్టారనుకోండి. చివరి అంకెలు తెగిపోయి రెంటికీ ఒకే పేరు మిగులుతుంది! ఎవరిని పిలిస్తే ఎవరు పలకాలి? ఊరి పేరు బోర్డు మీద రాసుకోండి, సర్వర్‌కి మాత్రం పొట్టి పేరు పెట్టండి!