గ్రామ చరిత్ర సాధనములు

మన విద్యార్థులలో విజయనగర రాజుల వంశక్రమమును తడబడక చెప్పగలవారు పెక్కురు కలరు. తమ యూరి చెరువును ఎవరు త్రవ్వించిరో చెప్పగలవారు మిక్కిలి అరుదు. చరిత్ర రాజధానులయందే పుట్టునను భ్రమయే దీనికి కారణము. గ్రామమునకును చరిత్ర కలదు; దానికి సాధనములును కలవు. అవి యెవ్వియో, వానిని కాపాడు విధమెట్టిదో యిందు వివరింపబడును.

పూర్వము గ్రామమున కరణము లెక్కలు వ్రాయుచుండెను. పొలముల యెల్లలు, మాన్యములు, చెరువులు, పన్నులు, పాలకుల మార్పులు గల యా పుస్తకములకు కవిలెలనియు, దండకవిలెలనియు పేరు. కొన్ని తాటియాకులపైనను, కొన్ని కడితములపైనను ఉండెను. చింతగింజల జిగురును బొగ్గుపొడిని గుడ్డకు పట్టించి, మడతలు పెట్టి, బలపముతో వ్రాయు పుస్తకమే కడితము.

వీని విలువను గ్రహించినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. ఈయన 1783లో చెన్నపురికి వచ్చి, 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయరు జనరలై, 1821లో మరణించెను. ఈయనకు కుడిభుజముగా నుండినవారు ఏలూరివారగు కావలి సోదరులు. వారిలో వెంకట బొఱ్ఱయ్య 1803లో పిన్నవయసుననే గతింపగా, సోదరుడు లక్ష్మయ్య ఆ పనిని సాగించెను. వారి మనుష్యులు ఊరూర తిరిగి, పెద్దల నడిగి, కవిలెలకు నకళ్లు వ్రాసి, శాసనములను ఎత్తి వ్రాసికొనిరి. అట్లు సమకూడిన గ్రామవృత్తాంతములే కైఫీయతులు.

మెకంజీ గతించిన పిమ్మట ఆ కాగితములు శిథిలమగుచుండగా, బ్రౌను దొర తెలుగు వృత్తాంతములకు మరల నకళ్లు వ్రాయించెను. నేడు అనేక గ్రామముల మూలకవిలెలు కానరావు. నకళ్లు మాత్రము నిలిచినవి. కడపలో బ్రౌను పేర వెలసిన పరిశోధన కేంద్రము వానిని సంపుటములుగా అచ్చొత్తించెను. నకలు వ్రాయుట చిన్నపని కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన తనకల్లు సంగతి. కదిరి తాలూకా 1910 వరకు కడప జిల్లాలో నుండి, పిమ్మట అనంతపురము జిల్లాలో చేరెను. 2022 నుండి ఈ సీమ శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. కావున పాత కాగితములను వెదకువారు కడపను మఱవరాదు. 1984లో వంశపారంపర్య కరణపు ఉద్యోగములు రద్దయ్యెను. కచ్చేరికి చేరని పాతకట్టలు ఇండ్లలో అటకలపై చెదలకు ఆహారమగుచున్నవి. గొలుసుకట్టు వ్రాతను చదువగల వృద్ధులు ఏటేట తగ్గుచున్నారు. కాగితము మిగిలినను చదువువాడు మిగులకున్న ప్రయోజనమేమి?

కాగితములే గాక రాళ్లును సాక్ష్యము చెప్పును. లేపాక్షి వీరభద్రాలయపు గోడలపై దేవునికిచ్చిన గ్రామముల పేర్లు చెక్కబడియున్నవి. పశువులకొఱకో ఊరికొఱకో పోరి మడిసినవారి వీరగల్లులు ఈ సీమలో పెక్కుచోట్ల కలవు. క్రైస్తవ సంఘముల బాప్తిస్మపు, వివాహపు పుస్తకములును కుటుంబచరిత్రలకు ఆధారములే.

కావున ప్రతి గ్రామమునను అయిదారుగురు చేరి చరిత్ర సంఘముగా నేర్పడవలయును. కవిలె కనబడినయెడల, మూలమును ఇంటివారియొద్దనే యుంచి, వారి యనుమతితో ఛాయాచిత్రము తీసి, వృద్ధులచేత చదివించి వ్రాసికొనవలయును. శాసనమును నీటితో మెల్లగా కడిగి, తడికాగితమునద్ది, కుంచెతో కొట్టి, సిరా పూసినచో అక్షరములు తెల్లగా తేలును. తెలిసినవారి సాయము లేక దీనిని చేయరాదు. రాతికి సున్నముగాని రంగుగాని పూయరాదు. వృద్ధులు చెప్పిన కథక్రింద చెప్పినవారి పేరు, వయస్సు, తేదీ వేయవలయును. ఇద్దరు వేర్వేరుగా చెప్పినచో రెండును వ్రాయవలయును. ప్రతి నకలును పాఠశాలలో నొకటి, పంచాయతి కచ్చేరిలో నొకటి యుంచిన, ఒకచోట నశించినను వేఱొకచోట మిగులును.

విద్యార్థులారా! ఈ సెలవులలో మీ యూరి పేరెట్లు వచ్చెనో, చెరువును ఎవరు కట్టించిరో మీ అవ్వతాతల నడిగి వ్రాసికొనుడు. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పువారు వచ్చు సెలవుల వరకు ఉందురని నమ్మి ఆలసింపకుడు.