చికిత్స బల్ల మీద మాట్లాడాలా, మౌనంగా ఉండాలా?

అబిడ్స్ దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసేవారు, నాంపల్లి స్టేషనులో సామాన్లు మోసేవారు, ఆఫీసుల్లో కంప్యూటరు ముందు వంగి కూర్చునేవారు మెడ, భుజం, నడుము నొప్పులతో ఫిజియోథెరపీకి వస్తుంటారు. మొదటిసారి బల్ల మీద పడుకోగానే చాలామందికి ఒక సందేహం వస్తుంది. పైకి అడగరు. చికిత్స జరుగుతున్నంతసేపూ మాట్లాడాలా, ఊరుకోవాలా?

కబుర్ల సంగతి మీ ఇష్టం. మంగలి షాపులో తల మాలిష్ జరుగుతుంటే సినిమాల నుంచి ఎన్నికల దాకా మాట్లాడటం మనకు అలవాటే. పసిబిడ్డకు నూనె అంటే అమ్మమ్మ కూడా ఊరుకోదు, ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది. కొందరికి అలా మాట్లాడుతుంటేనే భయం తగ్గుతుంది. మరికొందరికి కళ్లు మూసుకుంటేనే కండరాలు వదులవుతాయి. "ఈ రోజు కాసేపు మౌనంగా ఉంటానండీ" అంటే థెరపిస్టు ఏమీ అనుకోరు.

నొప్పి విషయంలో మాత్రం మౌనం పనికిరాదు. పళ్ల బిగువున ఓర్చుకోవడమే మర్యాద అని మన పెద్దలు చాలామంది అనుకుంటారు. మీ భుజం ఎంత బిగిసిందో థెరపిస్టు చేతికి తెలుస్తుంది. లోపల మీకెలా ఉందో తెలియదు. సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమని అడుగుతారు, చెప్పండి. అయితే అంకె కంటే మన మాటలే ఎక్కువ చెబుతాయి. "గుంజుతోంది" అంటే చాలాసార్లు కండరం సాగుతోందని అర్థం, అది మామూలే. "తిమ్మిరెక్కింది", "మండుతోంది", "జివ్వుమని వేళ్లదాకా పాకింది" అంటే నరం నొక్కుకుంటోందేమో చూడాలి. "కత్తితో పొడిచినట్టుంది" అంటే అక్కడితో ఆపాలి. ఉర్దూలో చెప్పినా సరే, మీ నోటికి వచ్చిన మాటే చెప్పండి. వెంట వచ్చిన కొడుకో కోడలో "నాన్నకేం నొప్పి లేదండీ, కానివ్వండి" అనడం మంచిది కాదు. నొప్పి ఎవరిదో వారే చెప్పాలి.

షుగరు ఉన్నవారు ఇంకాస్త ముందే మాట్లాడాలి. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే వేడి కాపడం పెట్టినప్పుడు చర్మం కాలినా తెలియదు. కాపడం పెట్టకముందే ఆ మాట చెప్పండి.

మెడ దగ్గర కూడా జాగ్రత్త. 2022లో హైదరాబాదులో 50 ఏళ్ల మహిళకు బ్యూటీ పార్లరులో మెడ వెనక్కు వాల్చి తల కడుగుతుండగా తల తిరగడం, వికారం, వాంతులు మొదలయ్యాయి. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం మెడలో నొక్కుకుపోవడం వల్ల స్ట్రోక్ వచ్చిందని అపోలో ఆసుపత్రి నరాల వైద్యులు డాక్టర్ సుధీర్ కుమార్ వివరించారు. ఇది అరుదే. అయినా ఎవరైనా మీ మెడ తిప్పుతున్నప్పుడు తల తిరిగినా, చూపు మసకబారినా, మాట తడబడినా వెంటనే ఆపమనండి. మంగలి షాపులో మెడ "టక్" మనిపించుకోవడం అసలు వద్దు.

వ్యాయామంలో నోరు మరో విధంగా పనికొస్తుంది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బి.పి. పెరుగుతుంది. అందుకే "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టమంటారు. వేగంగా నడిచేటప్పుడు మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే అది మితమైన శ్రమ.

ఇక అమ్మలకు, అక్కచెల్లెళ్లకు ఒక మాట. మహిళా థెరపిస్టు కావాలని అడగవచ్చు, మీ ఇంటివారిని గదిలో ఉంచుకోవచ్చు. ఎక్కడ చేయి వేస్తారో, ఎందుకో ముందే చెప్పమనండి. ఏ స్పర్శ అయినా ఇబ్బందిగా అనిపిస్తే "ఆపండి" అంటే చాలు, కారణం చెప్పనక్కరలేదు. తర్వాత ఆసుపత్రి పెద్దలకు ఫిర్యాదు చేయడానికి మొహమాటపడకండి.

చికిత్స తర్వాత ఒకటి రెండు రోజులు ఒళ్లు నొప్పిగా ఉండటం మామూలే. అంతకంటే ఎక్కువ ఉన్నా, వాపు వచ్చినా, మరుసటిసారి బల్ల ఎక్కకముందే ఆ సంగతి చెప్పండి.