డబ్బా ఎవరిది, సరుకు ఎవరిది

విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డులో కారు పెట్టినా, బానెట్ ఎత్తిన అయిదు నిమిషాలకు ప్రశ్న వస్తుంది: "ఒరిజినల్ వెయ్యమంటారా సార్, లోకల్ వెయ్యమంటారా?" పరువు కోసం ముందు ఒరిజినల్ అంటాం. ధర విన్నాక గొంతు కొంచెం తగ్గుతుంది.

అసలు కారు కంపెనీ కారంతా తనే చేయదు. బ్రేకులు ఒకరివి, అద్దాలు ఒకరివి, లైట్లు మరొకరివి. చాలా మారుతీ కార్లలో ఏసీ సుబ్రోస్‌ది. స్పార్క్ ప్లగ్గులు చేసే మైకో 2008లోనే బాష్‌గా పేరు మార్చుకున్నా, పాత మెకానిక్కులు ఇప్పటికీ 'మైకో ప్లగ్గు' అనే అంటారు. ఇలాంటి తయారీదారు సరుకు కారు కంపెనీ డబ్బాలో ఒక ధరకీ, సొంత డబ్బాలో ఇంకో ధరకీ దొరుకుతుంది. మెకానిక్ ప్రశ్నలో లేని మూడో రకం ఇదే. చాలాసార్లు లాభసాటి బేరం కూడా ఇదే. కాకపోతే ఒకే పేరు మీద రెండు మూడు నాణ్యతలు అమ్మేవాళ్లూ ఉన్నారు కనక, పార్ట్ నంబరు మన మోడల్‌కి సరిపోతుందో లేదో చూసుకోవాలి.

ఈ మూడో రకాన్ని బజారుకి రానివ్వకుండా కారు కంపెనీలు చాలాకాలం కట్టడి చేశాయి. 2014లో కాంపిటీషన్ కమిషన్ ఈ విషయం మీదే 14 కంపెనీలకు రూ.2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. విడిభాగాలు బయట అమ్మనివ్వాలనీ, బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనడం కుదరదనీ చెప్పింది. కంపెనీలు అప్పీలుకి వెళ్లాయి. సర్వీస్ సెంటర్లో ఆ వారంటీ మాట ఎత్తి చూడండి, అక్కడి కుర్రాడు మేనేజర్ని పిలుస్తాడు.

ఇక ఎక్కడ ఏది వెయ్యాలి? ఆ భాగం పాడైతే ఏమవుతుందో అడిగితే సగం జవాబు అందులోనే ఉంటుంది. వైపర్ పాడైతే విసుగు. బంపర్ సరిగ్గా కూర్చోకపోతే సందు కనిపిస్తుంది, అంతే. పైగా జీరో డెప్ (తరుగుదల కోత ఉండని రక్షణ) లేని ఇన్సూరెన్స్ పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు సగం కోత పడుతుంది కనక, పాత బండికి లోకల్ బంపర్ వేస్తే తప్పేమీ లేదు. సెన్సర్లున్న బంపరైతే మాత్రం ఆలోచించాలి.

బ్రేక్ ప్యాడ్ సంగతి వేరు. ఇనుప పలక మీద రాపిడి పదార్థాన్ని అతికించి చేస్తారు దాన్ని. ఊళ్లో తిరిగినంతసేపూ ఏ ప్యాడ్ అయినా బుద్ధిమంతుడే. తిరుమల ఘాట్ దిగేటప్పుడు, మళ్లీ మళ్లీ తొక్కి వేడెక్కాక, నాసిరకం దానికి పట్టు తగ్గుతుంది. పెడల్ ఎంత గట్టిగా తొక్కినా బండి సరిగ్గా ఆగదు. కొన్ని మరీ గట్టిగా ఉండి డిస్కునే అరగదీస్తాయి. ప్యాడ్ దగ్గర మిగిల్చింది డిస్కు దగ్గర కక్కాల్సిందే. (న్యూట్రల్‌లో ఘాట్ దిగి పెట్రోలు ఆదా చేశామనుకునే మహానుభావులకు ఏ ప్యాడూ సాయం చేయలేదు.)

ఆయిల్ ఫిల్టర్ చూడ్డానికి రేకు డబ్బాయే. చాలా ఫిల్టర్ల లోపల, ఇంజన్ ఆపాక ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపే చిన్న రబ్బరు వాల్వు ఉంటుంది. ఆ రబ్బరు నాసిదైతే రోజూ పొద్దున్నే ఇంజన్ కాసేపు ఆయిల్ అందక టకటకలాడుతుంది. టైమింగ్ బెల్టుకీ ఇదే లెక్క: తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగిపోతాయి. ఎయిర్‌బ్యాగ్ దగ్గర అసలు బేరమే వద్దు.

అన్నిటికన్నా ప్రమాదం లోకల్ కాదు, నకిలీ. లోకల్ తన పేరుతోనే వస్తుంది. నకిలీ పెద్ద పేరు పెట్టుకుని, హోలోగ్రాం అంటించుకుని, నమ్మించడానికి ధర కూడా కొంచెమే తగ్గించుకుని వస్తుంది. డబ్బా చూసి పట్టుకోవడం మనలాంటి వాళ్ల వల్ల కాదు. పార్ట్ నంబరుతో జీఎస్టీ బిల్లు అడగండి. అసలు సరుకైతే బిల్లు వస్తుంది. కాకపోతే "మనలో మనకి బిల్లెందుకు సార్" అన్న మాట వస్తుంది.