ఇరుకు లాకులో పాత పడవ

గోదావరి, కృష్ణా డెల్టాలలో పుట్టి పెరిగినవారికి లాకు అనగా ఏమో చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట అచ్చటి కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక, చాలకాలము పడవలకు బాటలు కూడ అయినవి. కాలువ మట్టము మారుచోట్ల లాకులు కట్టిరి. వాటిని చూడని శ్రోతల కొరకు ఒక్క మాట చెప్పెదను. లాకు అనగా రెండు కొనలయందును తలుపులు గల పొడవైన తొట్టి. పడవ లోనికి వచ్చిన పిదప వెనుక తలుపులు మూసి, తూములెత్తి, ఎగువ నీటిని తొట్టిలోనికి వదలినచో పడవ పైకి లేచును. తొట్టిలోని నీటిని దిగువకు వదలినచో పడవ దిగును. పడవను మోయుపని అంతయు నీటిదే.

ఇంగ్లండు కాలువలయందును పద్ధతి ఇదియే. కాని అచ్చట కొన్ని లాకులలో పడవకును గోడకును నడుమ చిటికెనవ్రేలు దూరు సందు కూడ ఉండదు. అట్టి చోట ప్రాయము మీరిన పడవను నడుపుట యెట్లో, అందలి ప్రమాదమెట్టిదో చెప్పుటయే ఈ ప్రసంగోద్దేశము.

ఇంత ఇరుకుగా ఏల కట్టిరి? 1766లో ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ త్రవ్వకము ఆరంభమైనది. పింగాణి పరిశ్రమకు పేరుగాంచిన జోసయా వెడ్జ్‌వుడ్ మొదటి మట్టిపెళ్ల త్రవ్వెను. ఇంజనీరు జేమ్స్ బ్రిండ్లీ. దారిలో హేర్‌కాసిల్ కొండను తొలిచి మైలున్నరకు మించిన సొరంగము చేయవలసి యుండెను. సొరంగము వెడల్పైన కొలది ఖర్చు పెరుగును. లాకు వెడల్పైన కొలది ఒక్కొక్క పడవ దాటుటకు నీరు ఎక్కువ కావలెను. ఈ రెండును లెక్కించి, సుమారు 7 అడుగుల వెడల్పు, 70 అడుగుల పొడవు గల పడవకు సరిపోవునట్లు ఆ కాలువ పెద్దభాగమున లాకులు కట్టించిరి. బ్రిండ్లీ 1772లో మరణించెను. కాలువ 1777లో పూర్తియైనది. తరువాత మధ్య ఇంగ్లండున త్రవ్విన అనేక కాలువలకు ఈ కొలతయే ఒరవడియైనది. అందులో తిరుగు పడవకు నేరోబోటు, అనగా ఇరుకు పడవ, అని పేరు వచ్చినది. ఒక్క గుఱ్ఱము లాగగా అది 25 టన్నుల సరుకు మోసెడిది.

ఆనాడు సరిపోయిన కొలత నేడేల సరిపోదు? పెండ్లినాటి ఉంగరము నడివయసులో వ్రేలికి బిగియుట మనమెరుగుదుము. అచ్చట వ్రేలు లావగుటయే గాక, ఉంగరము కూడ చిక్కిపోవుచున్నది.

మొదట పడవ సంగతి. బొగ్గు నింపినప్పుడు ఆ బరువు ప్రక్కలను బయటకు త్రోయును. దానిని ఆపుటకు సరుకుపెట్టు చోట ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు అడ్డముగా గొలుసులు బిగించెడివారు. అయినను దశాబ్దముల మోతకు నడుము కొంత వెడల్పగుట తప్పదు. ఇక మరమ్మతు మరియొక కారణము. ఇనుప పడవ రేకు అరిగినప్పుడు పాత రేకుపైననే క్రొత్త రేకు అతుకుదురు. 6 మిల్లీమీటర్ల రేకును రెండు ప్రక్కల అతికినచో పడవ ఇంచుమించు అర అంగుళము లావెక్కును. రోగము కుదిరినదిగాని, ఒళ్లు పెరిగినది!

ఇక గోడల సంగతి. లాకు గోడ వెనుక నున్నది మట్టి. వానకు నాని, చలికి గడ్డకట్టి, అది గోడను లోనికి నెట్టుచుండును. తొట్టి నిండియున్నప్పుడు నీరు ఎదురొత్తుడు నిచ్చును. ఖాళీయైనప్పుడు ఆ అండ ఉండదు. రెండువందల ఏండ్లకు పైగా ఇట్లు జరుగగా కొన్ని గోడలు మధ్య ఉబ్బినవి, కొన్ని వంగినవి.

ఇందుకు పేరుపడిన నిదర్శనము చెషైరులోని హర్ల్‌స్టన్ లాకులు. లాంగాలెన్ కాలువకు ఇవి ముఖద్వారము వంటివి. 1805లో పూర్తియైన పాంట్‌కసల్తె మేలుకాలువను చూడగోరి అనేకులు ఆ దారిని పోదురు. డీ నదికి 126 అడుగుల ఎత్తున ఇనుప తొట్టిలో పడవ సాగు వింత అది. హర్ల్‌స్టన్‌లోని నాలుగు లాకులలో అడుగుది ఎంతగా ఇరుకైనదనగా, కొన్ని పాత పడవలు ఆ వాకిటనే వెనుదిరుగవలసి వచ్చెడిది. తుదకు 2019-20 శీతకాలమున ఆ లాకును తిరిగి నిర్మించిరి.

అట్టి లాకును సమీపించువాడు ముందుగా చేయవలసినది కొలుచుట. పడవ కొలతను పాత కాగితములనుబట్టి నమ్మరాదు. మిక్కిలి లావైన చోట, నీటిమట్టమునకు పైనను క్రిందను, కొలిచి చూడవలెను. నేడు క్రొత్త పడవలను 6 అడుగుల 10 అంగుళములకే కట్టుట ఈ జాగ్రత్త వలననే. రెండవది, ఒరిపిడి తగులకుండుటకు ప్రక్కల వ్రేలాడదీసిన త్రాటి మెత్తలను పైకి తీయవలెను. పడవను కాపాడుటకు కట్టిన ఆ మెత్తయే ఇరుకు లాకులో మేకువలె బిగియును. మూడవది, తలుపులను గోడలోని వాటి చోటికి పూర్తిగా తెరువవలెను. తలుపు వెనుక కొయ్యముక్క చిక్కినచో దానిని గడతో తీసినగాని కదలరాదు. నాలుగవది, నిదానము. లోపలి నీరు పడవ ప్రక్కలను, అడుగునను ఉన్న సందులగుండనే వెనుకకు రావలెను గనుక వేగముగా త్రోసిన ఫలము లేదు.

పడవ లోనికి దూరినంతమాత్రమున గండము గడచినదని తలపరాదు. దిగునప్పుడే అసలు భయము. తొట్టి నిండుగానున్నప్పుడు గోడల పైభాగమున చోటుండవచ్చును. నీరు తగ్గగా పడవ గోడ ఉబ్బిన చోటికి దిగి బిగియును. ఇక్కడ చిన్నలెక్క చూడుడు. 70 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు గల పడవ క్రింద ఒక్క అంగుళము నీరు సుమారు ఒక టన్ను బరువును మోయును. అనగా పడవ బిగిసిన తరువాత నీరు 6 అంగుళములు తగ్గినచో, సుమారు 6 టన్నుల బరువు నీటిని విడిచి గోడలపై పడినదన్నమాట. ఒక ప్రక్క బిగిసి, రెండవ ప్రక్క దిగినచో పడవ ఒరుగును, లోనికి నీరు వచ్చును. లోపలివారికి మెట్లెక్కు వ్యవధి కూడ దొరకకపోవచ్చును.

కనుక తూమువద్ద నిలిచినవాని చూపు పడవమీదనే ఉండవలెను. ముచ్చటలు తరువాత చెప్పుకొనవచ్చును. పడవ దిగుట ఆగినను, కొంచెము ఒరిగినను, వెంటనే దిగువ తూములు మూయవలెను. పిదప ఎగువ తూములు మెల్లగా తెరచి నీరు నింపవలెను. పోయిన నీరు తిరిగి వచ్చినచో పోయిన అండయు వచ్చును. పడవ వచ్చిన దారినే పైకి తేలును. ఎక్కునప్పుడు బిగిసినచో ఇందుకు విరుద్ధముగా చేయవలెను: ఎగువ తూములు మూసి, దిగువ తూములు తెరచి నీరు తగ్గింపవలెను. ఆలస్యమైనచో లేవని పడవమీదుగా నీరు పొర్లును. ఉంగరము బిగిసినప్పుడు వ్రేలిని గుంజక నీటితో జార్చినట్లే, ఇచ్చటను బలము పనికిరాదు, నీరే ఉపాయము.

మరి పడవను చెక్కవలెనా, గోడను కదల్పవలెనా? సరుకుల రాకపోకలు రైళ్లకు, లారీలకు పోయి కాలువలు పాడుపడుచున్న కాలమున, 1944లో ఎల్. టి. సి. రోల్ట్ ‘నేరో బోట్’ అను గ్రంథము ప్రకటించెను. 1946లో ఆ జలమార్గముల రక్షణకు ఒక సంఘము వెలసినది. పాత పడవయు, పాత లాకును రెండును కాపాడదగినవేయని నేడు పలువురి భావము. ఒకదానిని కాపాడుటకు రెండవదానిని కోయుట తేలిక పని కాదు. అందుచేత కొందరు యజమానులు పడవను గట్టెక్కించి, గొలుసులు బిగించి, నడుమును కొంత లోనికి తెత్తురు. కాలువల యాజమాన్యము వంతు వచ్చినప్పుడు గోడను విప్పి కట్టును. అంతవరకు ఆ అర అంగుళపు భారమంతయు తూమువద్ద నిలిచినవాని కన్నులపైననే యుండును.