దొంగజాబులు – బాధితుని మౌనము

నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల నాపరాతికి పేరొందిన యూరు. అచ్చట కోసి పాలిషు చేసిన బండలు దూరప్రాంతపు టిండ్లకు నేలపరుపు లగుచున్నవి. బేరమంతయు ముఖాముఖిగా సాగిన దినములు గతించినవి. ధరల పట్టీ, బిల్లు, బ్యాంకు ఖాతా సంఖ్య, పన్ను నోటీసు – ఇవి యన్నియు నేడు ఈమెయిలున వచ్చుచున్నవి. వర్తకుడు నడచు త్రోవలోనే దొంగయు పొంచియుండును గదా! అట్టి దొంగ పంపు జాబునకే ఫిషింగని పేరు. అది గాలము; మన నమ్మకమే దాని యెర.

తప్పుల భాషను బట్టి దొంగజాబును పట్టుకొనవచ్చునను కాలము చెల్లినది. నేడు యంత్రమే నిర్దుష్టమైన భాషలో జాబు వ్రాసి యిచ్చుచున్నది. కావున జాబు ఎట్లున్నదని గాక, ఏమి యడుగుచున్నదని చూడవలయును. "మీ ఖాతా సాయంకాలమునకు నిలిచిపోవును", "మీకు పన్ను వాపసు వచ్చినది" – ఇట్లు భయమో, ఆశయో చూపి, తొందరపెట్టి, పాస్‌వర్డునో, ఓటీపీనో యడుగు జాబు శంకింపదగినది. ఆదాయపు పన్ను శాఖ ఈమెయిలు ద్వారా పిన్నులను, పాస్‌వర్డులను అడుగదు. పైన గనబడు పేరును నమ్మక, దాని వెనుకనున్న పూర్తి చిరునామాను అక్షరమక్షరము చదువవలయును. మన బ్యాంకుల సైట్లన్నియు 2025 అక్టోబరు 31 లోపల 'బ్యాంక్ డాట్ ఇన్' అను చిరునామాలకు మారవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఆ మాటలు చిరునామా నడుమ నుండిన చాలదు, చివర నుండవలయును.

"మా ఖాతా మారినది, ఇకపై సొమ్ము క్రొత్త ఖాతాకు పంపుడు" అను జాబు వర్తకులకు మఱింత ప్రమాదకరము. లిథువేనియా దేశస్థుడైన ఎవాల్దాస్ రిమాసౌస్కాస్ 2013 మొదలు 2015 వఱకు తైవాను కంపెనీయగు క్వాంటా పేరు పెట్టుకొని, దొంగబిల్లులతో గూగుల్, ఫేస్‌బుక్ సంస్థల నుండి 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టెను. 2019లో అమెరికా న్యాయస్థాన మతనికి 5 సంవత్సరముల కారాగారశిక్ష విధించినది. అట్టి జాబు వచ్చినపుడు, అందులోని నంబరునకు గాక, మన పాతపుస్తకములోని నంబరునకు ఫోను చేసి విచారించుటయే రక్ష.

లోకమునకే కంప్యూటరు సేవలందించు సంస్థలు మోసపోగా, రాతివర్తకుడో, రైతో మోసపోయిన సిగ్గేల? తేలు కుట్టిన దొంగ నోరు మూసికొనుట సహజము. మనలో దోపిడికి గురియైన వాడే నోరు మూసికొనుచున్నాడు! ఈ మౌనమునకు వెల గలదు. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు వెలువరించిన నిబంధనల ప్రకారము, ఖాతాదారుడే రహస్యములను వెల్లడించి నష్టపోయినచో, బ్యాంకునకు తెలుపువఱకు జరిగిన నష్ట మాతనిది. తెలిపిన పిదప జరుగు నష్టము బ్యాంకుది. అదిగాక, దొంగ సొమ్మును ఖాతా నుండి ఖాతాకు క్షణములలో మార్చును. ఆలస్యమైనకొలది దానిని నిలుపుట దుర్లభము.

కావున సొమ్ము పోయినవెంటనే 1930 నంబరునకును, బ్యాంకునకును ఫోను చేయవలయును, పాస్‌వర్డు మార్చవలయును, 'సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్' నందు ఫిర్యాదు వ్రాయవలయును. జాబును చెరిపివేయరాదు, అదియే సాక్ష్యము. పరుని వేషమున కంప్యూటరు ద్వారా మోసగించువానికి 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము, 66డి సెక్షను క్రింద 3 సంవత్సరముల వఱకు కారాగారమును, లక్ష రూపాయల వఱకు జుల్మానాయు కలవు. ఫిర్యాదు లేనిదే ఆ చట్టము కాగితమున నక్షరములే.

మోసపోక తప్పించుకొన్నవారికిని బాధ్యత తీరలేదు. మనకు వచ్చిన జాబే ప్రక్కయింటి వృద్ధునకును వచ్చియుండవచ్చును. కేంద్రప్రభుత్వపు సెర్ట్-ఇన్ సంస్థ ఇట్టి జాబులను స్వీకరించుచున్నది, దానికి పంపుడు. ఇరుగుపొరుగునకు చెప్పుడు. ఊరిలో దొంగ తిరుగుచున్నాడని తెలిసి తన తలుపు మాత్రము గడియవేసికొని నిద్రించుట పౌరధర్మము కాదు.