మానవీయ శాస్త్రములు - మన బాలికలు

ప్రతి సంవత్సరము ఇంటరు పరీక్షాఫలితములు వెలువడగానే వికారాబాదు, తాండూరు పట్టణములలోని గృహములందు ఒకే ప్రశ్న వినవచ్చును: "అమ్మాయిని ఎందులో చేర్పింపవలెను?" మాది ఉపాధ్యాయుని గృహమగుటచే ఈ ప్రశ్నతో తల్లులు మా యొద్దకును వచ్చుచుందురు. గణితము వచ్చిన పిల్లకు ఇంజినీరింగు, జీవశాస్త్రము వచ్చిన పిల్లకు వైద్యము లేక నర్సింగు, జమాఖర్చులు తెలిసిన పిల్లకు బి.కాం., ఏమియు రాని పిల్లకు బి.ఏ. అని వారు ముందే నిశ్చయించుకొని యుందురు. మంచి మార్కులు వచ్చిన బాలిక తానై చరిత్రమును, సాహిత్యమును చదివెదనన్నచో "నీకిదేమి బుద్ధి?" యని మందలింతురు. ఈ మందలింపు న్యాయమా యని విచారింతము.

మానవీయ శాస్త్రములనగా మనుష్యుడు పలికినదానిని, వ్రాసినదానిని, నమ్మినదానిని, నిర్మించినదానిని గూర్చిన విచారము. భాషాసాహిత్యములు, చరిత్రము, తత్త్వము, కళలు ఇందు చేరును. రాజనీతి, అర్థశాస్త్రము, సమాజశాస్త్రము వీనికి తోబుట్టువులు. వీనిలో ఒక్కదానినే పట్టుకొనక, రెండు మూడింటిని కలిపి, ఒకదాని వెలుగులో మరియొకదానిని చదువు పద్ధతి నేడు విశ్వవిద్యాలయములలో ఆదరింపబడుచున్నది. 2020వ సంవత్సరపు జాతీయ విద్యావిధానము దీనినే కోరి, బాణభట్టుని కాదంబరిలోని కళాప్రస్తావనను గూడ తలచుకొన్నది.

ఇది మనకు క్రొత్త మాట కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున విద్యలు నాలుగని చెప్పెను. యుక్తాయుక్తములను విచారించు ఆన్వీక్షికి, వేదవిద్యయగు త్రయి, సేద్యము, పశుపాలనము, వర్తకములను తెలుపు వార్త, రాజ్యపాలనమును తెలుపు దండనీతి - ఇవియే ఆ నాలుగు. మూడు చాలునని కొందరు, రెండు చాలునని కొందరు, దండనీతి యొక్కటే చాలునని మరికొందరు వాదింపగా ఆయన సమ్మతింపలేదు. పంట సంగతి తెలియని పాలనమును, విచారములేని పాలనమును ఆయన కోరలేదన్నమాట.

దూరపు మాటలెందుకు? మన ఊళ్లనే చూతము. తాండూరు నాపరాయి ఎన్ని యిండ్లలో పరువబడలేదు? ఆ రాయి ఏ కాలమున ఏర్పడినదో భూగర్భశాస్త్రము చెప్పును. అది దూరదేశములకు ఎట్లు చేరినదో తెలియవలెనన్న 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు వచ్చిన నిజాము రైలుమార్గపు చరిత్రము చదువవలెను. గనిలో రాయి కొట్టువాని కూలి యెంత, అతని రొమ్ములో చేరు దుమ్మునకు బాధ్యులెవరు అని యడుగుటకు అర్థశాస్త్రమును, న్యాయవిచారమును కావలెను. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపువలన రైతునకు కలుగు లాభమేమి యన్నదియు ఇట్టి ప్రశ్నయే.

తాండూరులో తెలుగుతోపాటు కన్నడము, ఉర్దూ వినవచ్చుట యేల? 1956 వరకు ఆ తాలూకా గుల్బర్గా జిల్లాలోనిది. రాష్ట్రముల పునర్విభజనమున అది హైదరాబాదు జిల్లాలో చేరినది. 1978లో రంగారెడ్డి జిల్లాకును, 2016లో వికారాబాదు జిల్లాకును మారినది. ఊరు కదలలేదు, దాని చుట్టునున్న గీతలే కదలినవి. ఈ సంగతి భాషాశాస్త్రమొక్కటే చెప్పజాలదు, రాజనీతి యొక్కటే చెప్పజాలదు.

వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచివేసెను. పిమ్మట వరదను ఆపుటకై ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము నిర్మింపబడినవి. కట్ట యెంత యెత్తుండవలెనో ఇంజినీరు చెప్పును. ఏటి యొడ్డున ఎవరు ఎందువలన కాపురముండిరి, మరల ఎక్కడికి పోయిరి అని విచారించుటకు వేరొక చదువు కావలెను. ఆ చదువే మన పిల్ల అడుగుచున్నది.

అయినను తల్లుల భయమును మేము తేలికగా త్రోసివేయము. ఈ చదువు ముగిసిన మరునాడే ఉద్యోగము వాకిట నిలువదు. పెక్కు చోట్ల చరిత్రము, రాజనీతి, అర్థశాస్త్రము మూడు వేరువేరు గదులలో మూసిపెట్టినట్లు బోధింపబడుచున్నవి. పిల్లలు గైడు పుస్తకములు వల్లించి గట్టెక్కుచున్నారు. అంతకంటె విచారకరమైనదొకటి కలదు. కుమారునకు అప్పుచేసియైనను ఇంజినీరింగు చెప్పించువారు, కుమార్తెను పెండ్లి కుదురువరకు కూర్చుండబెట్టుటకు బి.ఏ.లో చేర్పించుచున్నారు. అభిరుచిగల పిల్లకు వలదనుటయు, అభిరుచిలేని పిల్లకు కాలక్షేపముగా నిచ్చుటయు, రెండును ఆ చదువును అవమానించుటయే.

కావున తల్లులు చేయదగినవి కొన్ని కలవు. మన రాష్ట్రమున 2016 నుండి డిగ్రీ ప్రవేశములు దోస్త్ ద్వారా జరుగుచున్నవి. అందు కళాశాల పేరునే కాక విషయముల కలయికను గూడ పిల్లతో కూర్చుండి చూడవలెను. 1924లో స్థాపింపబడిన కోఠీ మహిళా కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది. నేడది చాకలి ఐలమ్మ పేర నున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఇంటరు పిమ్మట ఐదేండ్ల ఎం.ఏ. చదువును కలదు. డిగ్రీ తరువాత బి.ఎడ్., న్యాయవిద్య, పత్రికారచన, గ్రూపు పరీక్షలు - ఈ త్రోవలన్నిటికిని చరిత్రము, రాజ్యాంగము, ఆర్థికవిషయములు, చక్కని వాక్యము వ్రాయుట అక్కరకు వచ్చును. దీనితోపాటు ఆంగ్లమును, కంప్యూటరును నేర్పించుట అవసరము.

ఇంటిలోను సాయము చేయవచ్చును. అమ్మమ్మ పాడు పాటలను వ్రాసికొమ్మనుడు. పెట్టె యడుగున ఉర్దూలో నున్న పాత భూమి కాగితములుండిన, వానిని తెలిసినవారిచే చదివించి అర్థము తెలిసికొమ్మనుడు. పాటలో సాహిత్యమును, కాగితములో చరిత్రమును, పొలములో అర్థశాస్త్రమును ఆమె కలిపి చూడనేర్చిన, కళాశాల కలపని దానిని ఆమెయే కలుపుకొనును.

సోదరీమణులారా! ఈ సంవత్సరము మీ యింట ఏ బాలికయైనను బి.ఏ. చదివెదనన్నచో, వలదనుటకు ముందు "ఏ విషయములు? ఏల?" అని యొక్కమారు అడుగుడు. ఆమె బదులు చెప్పగలిగినచో ఆ చదువు ఆమెకు తగినదే యని మా విన్నపము.